పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో బ్యాటరీని తాగేస్తున్న లీకేజీని పట్టుకోవడం ఎలా?

రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే చాలు, తాళం తిప్పగానే ‘టక్’ మని ఊరుకునే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చాలామంది చేసే మొదటి చికిత్స కొత్త బ్యాటరీ కొనడం. కొద్ది వారాల్లోనే ఆ కొత్త బ్యాటరీ కూడా అదే దారి పడుతుంది. ఇంజన్ ఆపి తాళం తీసేసిన తర్వాత కూడా ఎక్కడో ఒకచోట కరెంటు పారుతూనే ఉండడం దీనికి కారణం. ఆ చోటును కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక మల్టీమీటరు, ఒక ఇండికేటర్ బల్బు, నాలుగు క్రొకడైల్ క్లిప్పులు, ఒక పూట తీరిక ఉంటే సరిపోతుంది. అయితే పనిని ఒక వరుసలో చేయాలి. వరుస తప్పి, కనిపించిన ఫ్యూజునల్లా పీకడం మొదలుపెడితే సాయంత్రానికి అనుమానాలు పెరుగుతాయే తప్ప జవాబు దొరకదు.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు వాటిలో ఎల్లవేళలా కరెంటు వాడుకునేవి చాలా తక్కువ: గడియారం, రేడియో మెమరీ, కొన్నింటిలో ఇంజన్ కంట్రోల్ యూనిట్. ఆ తర్వాత చేతులు మారిన కొద్దీ ఒకరు వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే మోటారు) బిగిస్తారు, ఇంకొకరు అదనపు లైట్లు, మరొకరు రెండో బ్యాటరీ, ఫ్రిజ్, ఇన్వర్టర్, అలారం, జీపీఎస్ ట్రాకర్ తగిలిస్తారు. వీటిలో చాలావాటి వైర్లు ఫ్యూజు పెట్టెను తాకకుండా నేరుగా బ్యాటరీకి వెళ్తాయి. పైగా ఈ బండ్లు బురదలో, వాగుల్లో తిరిగినవి. కనెక్టర్లలోకి చేరిన తడి, మట్టి, తుప్పు కలిసి కరెంటుకు దొంగదారి తయారుచేస్తాయి. అందువల్ల కంపెనీ వైరింగ్ పటంలో ఉన్నవాటికంటే అందులో లేనివాటినే ముందుగా అనుమానించడం మంచిది.

అసలు లీకేజీయేనా?

బ్యాటరీ దిగిపోవడానికి మూడు కారణాలు ఉండవచ్చు. బ్యాటరీ తనలో ఛార్జి నిలుపుకోలేకపోవచ్చు. ఆల్టర్నేటర్ దానికి చాలినంత ఛార్జి ఇవ్వకపోవచ్చు. లేదా బండి ఆగి ఉన్నప్పుడు ఏదో పరికరం కరెంటు లాగుతుండవచ్చు. మొదటి రెండూ కాదని తేలిన తర్వాతే మూడోదాని వేటలో దిగాలి.

బ్యాటరీని బయటి ఛార్జరుతో పూర్తిగా ఛార్జి చేయండి. హెడ్‌లైట్లను రెండు నిమిషాలు వెలిగించి ఆపితే ప్లేట్ల మీద పేరుకున్న పైపై ఛార్జి పోతుంది. తర్వాత నెగటివ్ కేబులును విప్పేసి, కొన్ని గంటలు ఆగి వోల్టేజి చూడండి. ఆరోగ్యంగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు లేదా అంతకు కాస్త ఎక్కువ చూపాలి. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 దగ్గరికి వస్తే పావు వంతు మాత్రమే మిగిలినట్టు. కేబులు విప్పిన స్థితిలోనే ఒక రోజు ఉంచి మళ్ళీ కొలవండి. ఏ వైరూ తగలకుండా కూర్చున్న బ్యాటరీ 12.6 నుంచి 12.3కు జారిందంటే బండిలో వెతకవలసింది ఏమీ లేదు, లోపం బ్యాటరీలోనే ఉంది. మూతలు విప్పే రకమైతే ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడండి. నిండా ఛార్జి అయిన సెల్లులో సాంద్రత 1.265 నుంచి 1.280 వరకు ఉంటుంది, ఒక సెల్లు మిగతావాటికంటే 0.050 తక్కువగా ఉంటే ఆ బ్యాటరీకి కాలం చెల్లినట్టే.

బ్యాటరీ పైభాగం జిడ్డుగా, తడిగా ఉన్నా రెండు టెర్మినళ్ళ మధ్య కొద్దిపాటి కరెంటు ఉపరితలం మీదుగానే పారుతుంది. మీటరు నల్ల మొనను నెగటివ్ టెర్మినల్‌కు ఆనించి, ఎర్ర మొనను ప్లాస్టిక్ మూత మీద అక్కడక్కడా తాకించి చూస్తే వోల్టేజి కనిపిస్తుంది. వంట సోడా కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరబెడితే ఆ సంగతి తేలిపోతుంది. ఆ నీళ్ళు సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి.

ఇక ఛార్జింగ్. ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిలింగ్ కంటే కాస్త పైకి తెచ్చి, బ్యాటరీ టెర్మినళ్ళ మీదే కొలిస్తే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా 13.5కు తగ్గకూడదు. తగ్గుతోందంటే బెల్టు వదులై ఉండవచ్చు, లేదా ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్ళే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉండవచ్చు. ఈ ఎర్త్ పట్టీని చాలామంది మరచిపోతారు. ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టిస్తూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వోల్టేజి చూడండి; అర వోల్టుకు మించి చూపితే ముందు ఆ పట్టీని విప్పి, గీకి, మళ్ళీ బిగించాలి.

ఎంత లీకేజీ ఎక్కువ?

అంకెలు వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 70 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న బండిలో 50 మిల్లీ ఆంపియర్లు నిరంతరం పారితే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి; రెండు వారాలు నిలబెట్టినా పావు వంతే పోతుంది, బండి హాయిగా స్టార్ట్ అవుతుంది. అదే 600 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 14.4 ఆంపియర్ అవర్లు, అంటే రెండున్నర రోజుల్లో సగం ఖాళీ. ఆర్పడం మరచిన ఒక్క 5 వాట్ల బల్బు 400 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుందని గుర్తుంచుకుంటే, సీటు కింద వెలిగే చిన్న దీపం కూడా ఎంత పని చేయగలదో అర్థమవుతుంది. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల వరకు ఒప్పుకుంటారు. గడియారం, రేడియో తప్ప మరేమీ లేని పాత బండిలో నా లెక్క ప్రకారం 30 దాటినా కారణం అడగాలి.

ఇంకో మాట. బండి ఎన్ని గంటల్లో దిగిపోతోందో చూస్తే లీకేజీ పరిమాణం ముందే అంచనా వేయవచ్చు. ఒక్క రాత్రిలో పూర్తిగా చచ్చిపోయిందంటే అది ఆంపియర్లలో ఉన్న వ్యవహారం. వారానికి గాని దిగకపోతే వందల మిల్లీ ఆంపియర్లలో వెతకాలి.

మీటరు పెట్టే ముందు

బండిని సమతలంగా నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ గేర్ కర్ర పొరపాటున న్యూట్రల్‌లో ఉంటే, మెయిన్ గేరు వేసి ఉన్నా బండి దొర్లిపోతుంది. బానెట్ కింద తల పెట్టి పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. చేతి ఉంగరాలు, గడియారం తీసేయాలి. ఛార్జి అవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది కనుక దాని దగ్గర నిప్పురవ్వ పడకూడదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. రేడియోకు కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి.

తాళం తీసి, అన్ని స్విచ్చులూ ఆపండి. బానెట్ తెరిస్తే వెలిగే దీపం ఉంటే దాని బల్బు పీకేయండి. ఫ్యూజులు లోపల ఉంటాయి కనుక తలుపు తెరిచి ఉంచక తప్పదు. అందుచేత తలుపు చట్రం మీద ఉండే బటన్ స్విచ్చును నొక్కి టేపు అంటించండి. ఫ్యూజు పెట్టెలను ఫోనుతో ఫొటో తీసుకుంటే ఏ ఫ్యూజు ఎక్కడిదో తర్వాత తడుముకోనవసరం ఉండదు.

రెండు బ్యాటరీలున్న బండి విషయంలో ఇక్కడే జాగ్రత్త అవసరం. రెండూ సమాంతరంగా కలిపి ఉన్నప్పుడు ఒకదాని నెగటివ్ మాత్రమే విప్పి మీటరు పెడితే, బండికి కావలసిన కరెంటును రెండో బ్యాటరీ ఇస్తూనే ఉంటుంది. మీటరు చూపే అంకెకు అర్థం ఉండదు. కొలత పూర్తయ్యేవరకు రెండో బ్యాటరీని పూర్తిగా వేరుచేసి, విప్పిన కేబులు కొనకు గుడ్డ లేదా టేపు చుట్టి ఉంచాలి. కొన్ని పాత డీజిల్ బండ్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. అటువంటి బండిలో ఎవరైనా 12 వోల్టుల రేడియోను రెండింటిలో ఒక్క బ్యాటరీ నుంచే తీసుకుంటే, ఎప్పుడూ ఆ ఒక్కటే దిగిపోతుంది. రెండింటి వోల్టేజీలను విడివిడిగా కొలిస్తే తేడా వెంటనే బయటపడుతుంది.

ముందు బల్బు, తర్వాత మీటరు

మల్టీమీటరును నేరుగా పెట్టడం కంటే 21 వాట్ల ఇండికేటర్ బల్బుతో మొదలుపెట్టడం నాకు ఇష్టం. నెగటివ్ కేబులును విప్పి, ఆ కేబులుకూ టెర్మినల్‌కూ మధ్య బల్బును తగిలించండి. బల్బు ఎంత పెద్ద లీకేజీ ఉన్నా తన 1.75 ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి ఏదీ కాలిపోదు. నిండుగా వెలిగితే ఆంపియర్లలో కరెంటు పోతోందని అర్థం. మీటరును పక్కన పెట్టి ముందు ఆ పెద్ద దొంగను పట్టుకోవాలి. ఎర్రగా మిణుకుమిణుకుమంటే వందల మిల్లీ ఆంపియర్లు. అసలు వెలగకపోతే మీటరు పెట్టడానికి భయం లేదు. ఎల్‌ఈడీ టెస్టర్ ఈ పనికి పనికిరాదు. గడియారం లాగే నాలుగైదు మిల్లీ ఆంపియర్లకు కూడా అది దేదీప్యమానంగా వెలిగి కంగారు పెడుతుంది.

మీటరు పెట్టేటప్పుడు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చాలి. ఆ స్థితిలో రెండు మొనలను బ్యాటరీ రెండు టెర్మినళ్ళకు ఆనిస్తే అది సూటిగా షార్ట్ సర్క్యూట్ అవుతుందని మరచిపోకండి. మీటరు ఎప్పుడూ నెగటివ్ కేబులుకూ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్యనే ఉండాలి. మీటరు తగిలి ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు.

ఇందులో ఒక మెలకువ ఉంది. కేబులును పూర్తిగా ఊడదీసి మళ్ళీ కలిపితే అతుక్కుపోయిన రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు) వదిలేయవచ్చు, అలారం వంటి పరికరాలు మళ్ళీ మొదటినుంచి మేలుకోవచ్చు. అప్పుడు కొలత మారిపోతుంది. అందుచేత కేబులు విప్పేముందే టెర్మినల్‌కూ కేబులు క్లాంపుకూ మధ్య ఒక జంపర్ వైరు తగిలించి, తర్వాత క్లాంపును పైకి ఎత్తండి. కరెంటు జంపర్ గుండా పోతూ ఉంటుంది. మీటరు రెండు మొనలను అవే చోట్ల క్లిప్పులతో బిగించి, అప్పుడు జంపర్ తీసేయండి. కరెంటు ఒక్క క్షణం కూడా తెగకుండా మీటరులోకి మళ్ళుతుంది. ఈ జంపర్ ఉపాయం బల్బు పరీక్షలో కూడా పనికొస్తుంది. మిల్లీ ఆంపియర్లను చూపగల డీసీ క్లాంప్ మీటరు ఉంటే ఏదీ విప్పనవసరం లేదు, కాని ప్రతిసారీ దానిని సున్నాకు సరిచేసుకున్నాకే కేబులు చుట్టూ పెట్టాలి.

ఎలక్ట్రానిక్ యూనిట్లు ఉన్న బండి అయితే అవి నిద్రపోయేవరకు, అరగంట దాకా, ఆగి చూడాలి. అవి లేని పాత బండిలో అంకె కొద్ది నిమిషాల్లోనే నిలకడకు వస్తుంది.

ఫ్యూజుల వెంట

మొదట ఇంజన్ గదిలోని పెద్ద ఫ్యూజులు, ఫ్యూజిబుల్ లింకులు (ఫ్యూజులా కరిగి తెగే వైరు ముక్కలు). ఒక్కొక్క పెద్ద ఫ్యూజు కింద అనేక చిన్న ఫ్యూజులు ఉంటాయి కనుక, ఏ పెద్దదానిని తీసినప్పుడు మీటరు పడిపోయిందో చూస్తే వెతకవలసిన భాగం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. తర్వాత దాని కింది చిన్న ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. తీసిన ఫ్యూజును అదే చోట పెట్టి మరీ తర్వాతి దానికి వెళ్ళాలి.

ఫ్యూజు పీకకుండా చేసే పద్ధతి మరొకటి ఉంది. బ్లేడు ఫ్యూజుల నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి. మీటరును మిల్లీవోల్టులకు తిప్పి వాటి మీద పెడితే, కరెంటు పారని ఫ్యూజు సున్నా చూపుతుంది. పారుతుంటే కొద్దిపాటి వోల్టేజి కనిపిస్తుంది. 10 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు నిరోధం సుమారు ఏడెనిమిది మిల్లీ ఓంలు ఉంటుంది కనుక 100 మిల్లీ ఆంపియర్లకు ముప్పావు మిల్లీవోల్టు వరకు వస్తుంది, మీటరు 0.1 మిల్లీవోల్టు తేడాను చూపగలిగేదై ఉండాలి. ఈ పద్ధతిలో దేనినీ కదపం కాబట్టి నిద్రపోయినవి నిద్రలోనే ఉంటాయి. గాజు ఫ్యూజులున్న మరీ పాత బండిలో పీకి చూడడమే సులువు, పీకినప్పుడు వాటి క్లిప్పుల తుప్పును గీకే పని కూడా అయిపోతుంది.

దోషి ఫ్యూజు దొరికితే సగం పని అయినట్టు. అది వేటికి కరెంటు ఇస్తోందో మాన్యువల్‌లో చూసి, ఒక్కొక్క పరికరం కనెక్టరును విడదీస్తూ మీటరును గమనించాలి. లోపలి దీపాల ఫ్యూజయితే గ్లవ్ బాక్స్ దీపం, వెనుక తలుపు దీపం చూడండి. తలుపు మూసినా దీపం ఆరకపోతే బయటి నుంచి తెలియదు, బల్బు వేడిగా ఉందో లేదో వేలితో తాకి చూడాలి. స్టాప్ లైట్ ఫ్యూజయితే బ్రేక్ పెడల్ పైన స్విచ్చు నొక్కుకునే చోట ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళను చూడండి. ఏళ్ళు గడిచి అది పొడిగా రాలిపోతే పెడల్ వదిలినా స్విచ్చు ఆన్‌లోనే ఉండి, రాత్రంతా వెనుక ఎర్రదీపాలు వెలుగుతాయి. ట్రెయిలర్ సాకెట్‌ను తప్పక విప్పి చూడాలి. నీళ్ళలో మునిగి లేచిన సాకెట్‌లో పచ్చటి తుప్పు పిన్నుల మధ్య వంతెన కట్టేస్తుంది. రేడియో ఆంప్లిఫయర్ ఉంటే దానిని ఆన్ చేసే రిమోట్ వైరును ఎవరైనా శాశ్వత కరెంటుకు కలిపారేమో చూడాలి, ఇది చాలా తరచుగా కనిపించే పొరపాటు. తాళం అరిగిన బండ్లలో తాళం బయటికి తీసినా స్విచ్చు యాక్సెసరీ స్థానంలోనే ఉండిపోవచ్చు. అప్పుడు లాగుతున్న పరికరాన్ని నిందించి లాభం లేదు.

ఫ్యూజులన్నీ తీసినా మీటరు తగ్గకపోతే

పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లలో అసలు కథ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. ఫ్యూజు పెట్టెతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వెళ్ళే లావుపాటి వైర్లను ఇప్పుడు ఒక్కొక్కటిగా విప్పాలి. ప్రతిసారీ ముందు నెగటివ్ తీసి, ఆ వైరు విప్పి, కొనకు టేపు చుట్టి, మళ్ళీ మీటరు పెట్టి చూడాలి. శ్రమే, కాని దగ్గరదారి లేదు.

ఆల్టర్నేటర్‌తో మొదలుపెట్టండి. దాని లోపలి డయోడ్లు కరెంటును బ్యాటరీ వైపే పోనిచ్చి, వెనక్కి రానివ్వకుండా ఆపుతాయి. ఒక డయోడ్ చెడితే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కరెంటు వెనక్కి పారుతుంది. రాత్రంతా నిలిచిన బండిలో తెల్లవారి ఆల్టర్నేటర్ గోరువెచ్చగా తగిలితే ఇంకే పరీక్షా అక్కరలేదు. అనుమానం మిగిలితే ఇంజన్ నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ మీద పెట్టండి; 0.5 వోల్టుకు మించి చూపితే డయోడ్ చెడిపోయిందని బలంగా నమ్మవచ్చు. కొన్ని పాత డీజిల్ బండ్లలో బ్రేకులకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనుకే బిగించి ఉంటుంది. దాని సీలు పోతే ఇంజన్ ఆయిల్ లోపలికి కారి ఆల్టర్నేటర్‌ను పాడుచేస్తుంది. సీలు మార్చకుండా డయోడ్లు మాత్రం మార్చి ఊరుకుంటే మళ్ళీ అదే పని చేయవలసి వస్తుంది.

డీజిల్ ఇంజన్‌లో తర్వాత చూడవలసింది గ్లో ప్లగ్ రిలే. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి లోపల వేడి పుట్టించేవే ఈ గ్లో ప్లగ్గులు. దాని కాంటాక్టులు అతుక్కుపోతే తాళం తీసినా ప్లగ్గులు వేడెక్కుతూనే ఉంటాయి. వేడెక్కాక కూడా ఒక్కొక్క ప్లగ్గు ఆంపియర్ల కొద్దీ లాగుతుంది. నాలుగూ కలిస్తే బ్యాటరీ కొన్ని గంటలు కూడా నిలవదు, ప్లగ్గులు కూడా కాలిపోవచ్చు. తాళం తీసిన తర్వాత ప్లగ్గులను కలిపే లోహపు పట్టీ మీద వోల్టేజి ఉంటే రిలే మార్చాలి. ఈ పరీక్షకు అర నిమిషం చాలు కనుక, రాత్రికి రాత్రే చచ్చిపోయే డీజిల్ బండిలో నేను దీనినే అన్నిటికంటే ముందు చేయమంటాను.

వించ్ మోటారుకు కరెంటు కలిపే సాలెనాయిడ్ పెట్టెలోకి నీరు చేరి ఉండవచ్చు. దాని వైరు విప్పి చూడడమే పరీక్ష. సెల్ఫ్ మోటారు లీకేజీకి కారణం కావడం అరుదు.

రెండో బ్యాటరీని వేరుచేసే ఐసొలేటర్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. వోల్టేజిని చూసి పనిచేసే రిలే సాధారణంగా 13.3 వోల్టుల దగ్గర రెండు బ్యాటరీలను కలిపి, 12.8 ప్రాంతంలో విడదీస్తుంది. దాని కాంటాక్టులు అతుక్కుపోతే క్యాంపులో ఫ్రిజ్ తాగే కరెంటంతా మెయిన్ బ్యాటరీ నుంచి కూడా పోతుంది; రెండో బ్యాటరీలో ఒక సెల్లు చచ్చి ఉంటే అది మంచిదానిని కూడా తన స్థాయికి లాగేస్తుంది. రెండు బ్యాటరీలనూ వాటి మామూలు కేబుళ్ళతో తిరిగి బిగించి, బండిని కొన్ని గంటలు నిలిపి, రెండింటి మీదా వోల్టేజి చూడండి. ఫ్రిజ్ ఒకదానిమీదే నడుస్తున్నా రెండూ చుక్క తేడా లేకుండా ఒకే వోల్టేజి చూపుతున్నాయంటే ఐసొలేటర్ విడిపోవడం లేదు. ఐసొలేటర్ రెండు కొనల మధ్య నేరుగా కొలిచినా సున్నా వస్తుంది.

వచ్చిపోయే లీకేజీ

పరీక్ష చేసేటప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు చూపి, మర్నాటికి మాత్రం బ్యాటరీని ఖాళీ చేసే బండి ఓపికను పరీక్షిస్తుంది. గరిష్ఠ విలువను గుర్తుంచుకునే మీటరు ఉంటే రాత్రంతా తగిలించి ఉంచండి. లేకపోతే అనుమానం ఉన్న ఫ్యూజు స్థానంలో చిన్న బల్బు పెట్టి, చీకటిలో అప్పుడప్పుడూ చూసి రావచ్చు. రిలేల మీద చేయి పెట్టి చూడండి. పని లేని రిలే వెచ్చగా ఉండకూడదు. మీటరును చూస్తూ వైరు కట్టలను ఒక్కొక్కచోట మెల్లగా కదపండి: వెనుక తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వంగి వంగి పగిలే వైర్లు, ఛాసిస్ రంధ్రాల అంచున రాసుకునే వైర్లు, స్టీరింగ్ కాలమ్ కింద ఎవరో తెచ్చి కలిపిన అతుకులు. వాన కురిసిన రోజునే దిగిపోయే బండి అయితే ఈ చోట్ల మీద నీళ్ళు చిలకరించి మీటరు చూడడం తెలివైన పని.

లోపం దొరికి సరిచేశాక మళ్ళీ అదే పద్ధతిలో కొలిచి, అంకె 50 లోపుకు దిగిందని నిర్ధారించుకోవాలి. ఒక లీకేజీ వెనుక ఇంకొకటి దాగి ఉండడం పాత బండ్లలో వింత కాదు. విప్పిన ప్రతి అదనపు వైరునూ తిరిగి బిగించేటప్పుడు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఒక ఫ్యూజు పెట్టండి. లీకేజీ సంగతి అలా ఉంచి, ఫ్యూజు లేని వైరు రాసుకుంటే బండే తగలబడుతుంది. బ్యాటరీని బయటి ఛార్జరుతో రాత్రంతా ఛార్జి చేయాలి, ఎందుకంటే పూర్తిగా దిగిన బ్యాటరీని ఆల్టర్నేటర్ ఒక్క ప్రయాణంలో నింపలేదు. రోజుల తరబడి 12 వోల్టుల కింద పడి ఉన్నదైతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, పాత సత్తువ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నెలల తరబడి కదలని బండికి నెగటివ్ వైపు కటాఫ్ స్విచ్చు పెట్టుకోవడంలో తప్పు లేదు. దానిని లీకేజీకి మరమ్మతుగా మాత్రం అమ్మేవారి మాట నమ్మవద్దు; అతుక్కుపోయిన గ్లో ప్లగ్ రిలే, స్విచ్చు మళ్ళీ వేసిన క్షణం నుంచే తన పని తాను మొదలుపెడుతుంది.